మన మధ్యాహ్నాన్ని ఎత్తుకుపోయిందెవరు?

క్రితం నెల మా కాలనీ మహిళా మండలి వాళ్ళు నన్ను మాట్లాడమని పిలిచారు. నవలలు రాసుకునే మనిషిని కదా, శాలువా లేకపోయినా కాఫీ ఇస్తే చాలు, వచ్చేస్తానని వాళ్ళకు తెలుసు. విషయం ఏమిటని అడిగాను. "మరేం లేదండీ, పిల్లలు పుస్తకాలు చదవడం మానేశారు. వాళ్ళచేత ఎలా చదివించాలో నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు.

వెళ్ళాను. నలభైమంది దాకా వచ్చారు. నేను మాట్లాడిన అరగంటలోనూ ఏదో ఒక ఒళ్ళో ఫోను వెలుగుతూనే ఉంది. ముందు వరసలో ఒకావిడ నా ప్రసంగానికి తాళం వేసినట్టు తలూపుతుంటే మురిసిపోయాను. తీరా చూస్తే ఆవిడ చెవిలో ఏదో పెట్టుకుని పాట వింటున్నారు! చివర్న ప్రశ్నలేమైనా ఉంటే అడగమంటే అందరిదీ ఒకటే మాట - "మావాడు ఫోను వదలడండీ!"

అక్కడ నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. అక్కడ అనలేని మాట ఇక్కడ అంటున్నాను, కోపగించుకోకండి. పిల్లల సంగతి తర్వాత. ముందు మనం చదువుతున్నామా?

"మీకేమండీ, రచయిత్రులు, పొద్దస్తమానం పుస్తకాల్లోనే ఉంటారు" అంటారేమో. నా భాగోతం కూడా వినండి మరి.

మొన్న సంక్రాంతి వెళ్ళాక తెనాలిలో మా అమ్మకు కంటి శుక్లం ఆపరేషనైంది. కొన్నాళ్ళు కళ్ళకు శ్రమ ఇవ్వొద్దన్నారు డాక్టరుగారు. టీవీ లేకపోతే అమ్మకు బెంగ లేదు గాని, పుస్తకం లేకపోతే తోచదు. తోడుగా ఉందామని నేను వెళ్ళాను. మూడోరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక, "బీరువా అడుగు అరలో నా బైండు పుస్తకం ఉంటుంది. తెచ్చి కాస్త చదివి పెట్టవే" అంది.

బైండు పుస్తకమంటే ఏమిటో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. వారపత్రికలో వచ్చే సీరియల్ కాగితాలు వారం వారం విడదీసి, వరసగా పేర్చి, నవల పూర్తయ్యాక అట్ట వేయించి కుట్టించుకునేవారు. మధ్యమధ్య సగం తెగిన వంటల శీర్షికా, సబ్బు ప్రకటనా కూడా ఆ కుట్టులో పడి కలకాలం బతికిపోయేవి. మా అమ్మ దగ్గర అలాంటివి పదకొండున్నాయి. పెళ్ళినాటి పట్టుచీరలైనా ఎవరికైనా ఇస్తుంది గాని, వాటి జోలికి ఎవర్నీ రానివ్వదు.

చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీలో ఉండగా పక్కనున్న ఫోను టింగుమంది. చూశాను. హైదరాబాదులో మా అపార్ట్‌మెంటు మోటారు పాడైందట! తెనాలిలో కూర్చుని ఆ మోటారును నేనేం బాగుచేస్తాను? అయినా చూశాను. నాలుగో పేజీలో ఎవరిదో పుట్టినరోజు. శుభాకాంక్షలు చెప్పాను. ఆరో పేజీలో అది మోగనేలేదు. నేనే తీసి చూశాను!

అమ్మ కళ్ళకు నల్లద్దాలున్నాయి, గమనించదులే అనుకున్నాను. చెవులున్నాయిగా ఆవిడకి! "నీకేదో పనున్నట్టుంది, చూసుకోవే. తర్వాత చదువుదువుగాని" అంది. విసుక్కుంటూ అనలేదు, నిజంగానే నాకు పనుందనుకుని అంది. అదే నా మనసులో ముల్లులా దిగింది. ఎందుకంటే నాకు పనేం లేదు.

బి.ఎ.లో సాహిత్యం చదువుకుని, ఇరవయ్యేళ్ళుగా నవలలు రాస్తున్న మనిషిని, కన్నతల్లికి పది పేజీలు కుదురుగా చదివి వినిపించలేకపోయాను. ఇక నేను పక్కింటి పిల్లాడికి ఏం చెబుతాను?

అదే గదిలో 1980ల్లో మా అమ్మ ఎలా చదివేదో నాకు బాగా గుర్తు. మా నాయనమ్మ మంచిదే గాని, ఆవిడ దృష్టిలో నవలలు చదివే కోడలికీ, పేకాడే కొడుక్కీ పెద్ద తేడా లేదు. నాయనమ్మ కునుకు తీసే రెండు గంటల నుంచి మూడు గంటల వరకే అమ్మ రాజ్యం. పత్రిక దాచే చోటు బియ్యం డబ్బా, పైన కొలత గ్లాసు. గుమ్మం దగ్గర కాపలా నేను. నాయనమ్మ దగ్గిందంటే చాలు, పత్రిక బియ్యంలోకి, అమ్మ చేతులు పప్పు చేటలోకి! ఆ ఒక్క పత్రికా మా వీధిలో అయిదిళ్ళు తిరిగేది. శుక్రవారం మా ఇంటికొచ్చింది ఆదివారంలోగా పక్కింటికి చేరకపోతే పేచీలే.

ఆ గంట మన ఆడవాళ్ళకు ఎవరూ పళ్ళెంలో పెట్టి ఇవ్వలేదండీ. భండారు అచ్చమాంబగారికి బడి చదువే లేదు, పదేళ్ళకే పెళ్ళి. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. అలా నేర్చుకుని 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసి, 1905లో ముప్ఫయి ఏళ్ళు దాటకుండానే కన్నుమూశారు. ఆ తర్వాత 1960, 70ల్లో రంగనాయకమ్మగారు, వాసిరెడ్డి సీతాదేవిగారు, యద్దనపూడి సులోచనారాణిగారు, మాదిరెడ్డి సులోచనగారు రాస్తుంటే, ఇంటింటా ఆడవాళ్ళు ఆ వారం పత్రిక కోసం గుమ్మంలో ఎదురుచూశారు. 'వంటింటి సాహిత్యం' అని వెక్కిరించిన మగమహారాజులూ లేకపోలేదు. వెక్కిరింపులకూ అత్తగారి దగ్గుకూ లొంగని ఆ గంట, ఇవాళ ఎవరూ అడగకుండానే మనంతట మనమే ఒక అద్దప్పెట్టెకు అప్పగించేశాం. నా ఏడుపల్లా అదే!

ఫోనును తిట్టడం నా ఉద్దేశం కాదు. మా అక్క డల్లాస్‌లో ఉంది. అమ్మకు దాని ముఖం కనిపించేది ఆ ఫోనులోనే. కరెంటు బిల్లు కట్టేది, గ్యాసు బుక్ చేసేది, ఆటో పిలిచేది కూడా దాంతోనే. పనిముట్టుగా దానికి దణ్ణం పెడతాను. కానీ పని అయ్యాక కత్తిపీట పక్కన పెడతామా, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటామా?

అసలు తేడా ఎక్కడుందో చెప్పనా? పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది. దీనికి లేదు. వేలితో తోసేకొద్దీ కిందినుంచి ఊరుతూనే ఉండే ఆ ఏర్పాటును 2006లో ఆజా రాస్కిన్ అనే అమెరికన్ రూపొందించాడు. ఆ తర్వాత ఎందుకు చేశానా అని ఆయనే బహిరంగంగా విచారపడ్డాడు. వండినవాడే మా ఇంటి కూర తినకండంటుంటే, మనం మారు వడ్డించుకుంటున్నాం.

ఇంకో తేడా. నవలలో ఇరవయ్యో పేజీలో ఒక అత్తగారు కనిపిస్తుంది. గయ్యాళి అనుకుంటాం. నూట యాభయ్యో పేజీకి వచ్చేసరికి ఆవిడ పదహారేళ్ళ వయసులో ఏం పడిందో తెలుస్తుంది. పుస్తకం గుండెలమీద బోర్లించుకుని, ఫ్యాను వంక చూస్తూ ఒక్క నిమిషం ఆగుతాం. ఆ నిమిషంలో మన అత్తగారు గుర్తొస్తుంది. ఫోనులోనో? అర నిమిషం వీడియోలో ఒక కోడలు దుర్మార్గురాలు, మరో అర నిమిషంలో ఇంకో అత్త రాక్షసి. తీర్పు చెప్పేసి, ఒక బొమ్మ తగిలించి, పైకి తోసేస్తాం. ఆగడానికి వ్యవధి ఏదీ? మనుషుల విషయంలో మన ఓపిక ఇలాగే అరిగిపోతోందని నా అనుమానం. మన ఇళ్ళలో మాటకు మాట పెరగడానికి ఇదొక్కటే కారణమని నేననను. ఇదీ ఒక కారణమే అంటాను.

పోయిన ఓపిక తిరిగి వస్తుందా? వస్తుంది. మేరియాన్ వుల్ఫ్ అని అమెరికాలో ఒకావిడ ఉన్నారు. చదువుతున్నప్పుడు మెదడు ఎలా పనిచేస్తుందో పరిశోధించడమే ఆవిడ ఉద్యోగం. నడకలాగా, మాటలాగా చదువు మనిషికి పుట్టుకతో రాదనీ, మెదడు దాన్ని సాధనతో కట్టుకుంటుందనీ చెబుతారు. అంతటావిడే, తానెంతో ఇష్టపడిన హెర్మన్ హెస్ నవల మళ్ళీ తీస్తే ముందుకు సాగలేదని 2018లో అచ్చయిన తన పుస్తకంలో ఒప్పుకున్నారు. రోజంతా తెర మీద గబగబా చూపు పరుగెత్తించడం అలవాటైపోయిందట. సిగ్గుపడి వదిలెయ్యలేదు. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున రెండు వారాలు పట్టుగా కూర్చుని ఆ చదువు తిరిగి తెచ్చుకున్నారు. ఆవిడకే తప్పలేదంటే మీకూ నాకూ చిన్నతనమేముంది?

ఇక మీ అభ్యంతరాలు. నాకు తెలుసు, సిద్ధంగా ఉంటాయి.

"టైమెక్కడిదండీ?" మీ ఫోనునే అడగండి. రోజుకు ఎంతసేపు దాన్ని చూశారో లెక్క రాసి పెడుతుంది, సెట్టింగుల్లో ఉంటుంది. నాది చూసుకున్నాను - మూడు గంటల పది నిమిషాలు! మా అమ్మకు దొరికింది దొంగచాటుగా ఒక గంట. టైము లేనిది ఎవరికి?

"ఫోన్లోనే చదువుతున్నాంగా?" చదవండి, కాదన్ను. విషయం నేర్చుకునే చదువు కాగితం మీదైతే కాస్త బాగా ఎక్కుతుందనీ, కథల విషయంలో ఆ తేడా కనిపించలేదనీ 54 అధ్యయనాలను కలిపి చూసి 2018లో తేల్చారు. కాబట్టి దోషం తెరది కాదు. కానీ ఆ తెర మీద పుస్తకం సంతలో ఒక కొట్టు లాంటిది. చుట్టూ వంద కొట్లవాళ్ళు చెయ్యి పట్టి లాగుతుంటారు. లాక్కోగలిగితే సరే.

"వింటున్నామండీ, చదివినట్టే కదా?" కూరలు తరుగుతూ వినండి, హాయిగా వినండి. మన అమ్మమ్మలు హరికథలు విని బాగుపడలేదూ? వినడం తప్పు కాదు. వింటూ మధ్యలో మెసేజీలు చూడటమే తప్పు.

"పుస్తకాలు కొనలేకపోతున్నాం." ఇది మాత్రం న్యాయమైన మాటే. అయితే ఒక్కసారి మీ ఇంటిపన్ను రసీదు తీసి చూడండి. పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం మనం. ఏటా డబ్బు కట్టి, ఆ మెట్లెక్కి ఎన్నాళ్ళయింది? వేటపాలెంలో ఊరివాళ్ళు 1918లోనే సారస్వత నికేతనం పెట్టుకున్నారు. 1930ల్లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా పంపించారు. పుస్తకం పడవెక్కి మన గుమ్మంలోకి వచ్చిన నేల ఇది. వీధి చివరకు మనం నడవలేమా? లైబ్రరీ పాడుబడిందంటారా? పదిమంది వెళ్ళి కొత్త పుస్తకాలేవని అడగండి. డబ్బు కట్టినవాళ్ళం, అడిగే హక్కుంది.

పిల్లలకు నీతులు చెప్పడం మాత్రం దయచేసి మానేద్దాం. ఫోను పట్టుకున్న చేత్తో "పుస్తకం తియ్యరా" అంటే ఏ పిల్లాడు తీస్తాడు? నేను పుస్తకాల పిచ్చిదాన్ని అయింది ఎవరో చదవమంటే కాదు. అమ్మ బియ్యం డబ్బాలోంచి తీసి మరీ చదివేదంటే, అందులో ఏదో గొప్ప రుచి ఉండి ఉంటుందని నాకు తోచింది. అంతే.

తెనాలి కథ అక్కడితో ఆగలేదు లెండి. మర్నాడు రెండు గంటలకు నేను వంటింట్లోకి వెళ్ళి, ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టి, పైన కొలత గ్లాసు పెట్టి మూత వేశాను. వచ్చి బైండు పుస్తకం తెరిచాను. మొదటి పది నిమిషాలూ చెయ్యి పక్కకు పోతూనే ఉంది. తర్వాత ఎప్పుడు మర్చిపోయానో తెలీదు. కాసేపటికి వంటింట్లోంచి సన్నగా మోత వినిపించింది.

"ఎవరో పిలుస్తున్నట్టున్నారే" అంది అమ్మ.

"నాయనమ్మ లేచిందేమో! నువ్వు వినమ్మా" అన్నాను.

ఎన్నాళ్ళకో అమ్మ పకపకా నవ్వింది. ఆ మధ్యాహ్నం నలభై పేజీలు చదివాం.

మీ ఇంట్లోనూ బియ్యం డబ్బా ఉండే ఉంటుంది కదూ?