కుంచె పట్టిన చేతులు మరికొన్ని కావాలి

చేతిరాతను అచ్చుగా పోసేటప్పుడు చిక్కంతా అతుకుల దగ్గరే. చేయి ఆగకుండా సాగిపోతుంది. సీసపు దిమ్మలు దేనికది విడి. మార్సెయ్ నగరంలోని ఫొందరీ ఒలీవ్ అనే అచ్చు అక్షరాల పోతశాల కోసం రొజే ఎక్స్‌కొఫాన్ తన సొంత దస్తూరి ఆధారంగా గీసిన 'మిస్త్రల్' ఫాంటు 1953లో వచ్చింది. దక్షిణ ఫ్రాన్సును ఊపేసే చలిగాలి పేరది. ఏ అక్షరం పక్కన ఏది పేర్చినా మొదటిదాని తోక రెండోదాని మొదలును అందుకునేలా కొలతలు కట్టాడాయన. అంచులు నున్నగా దిద్దకుండా గరుకుగానే ఉంచాడు. 1942లో అమెరికాలో రాబర్ట్ ఇ. స్మిత్ గీసిన బ్రష్ స్క్రిప్ట్‌లో ప్రకటనల చిత్రకారుడి సాధన కనిపిస్తుంది. మిస్త్రల్‌లో కనిపించేది ఒక మనిషి తొందర. మాకు ఆ తొందరే ఇష్టం.

ఇలాంటి అక్షరాలు పెద్దవిగా, రెండు మూడు మాటలకే వాడినప్పుడు రాణిస్తాయి. దుకాణం పేరు, పుస్తకం అట్ట, సినిమా టైటిలు వాటికి తగిన చోట్లు. 2011 నాటి 'డ్రైవ్' సినిమా పేర్లు గులాబీ రంగు మిస్త్రల్‌లోనే పడ్డాయి. అక్షరాల మధ్య ఎడం పెంచినా, మాటంతా పెద్దబడిలో కూర్చినా ఆ అల్లిక తెగిపోతుంది.

తెలుగుకు ఈ అతుకుల బాధ లేదు. మన అక్షరాలు విడివిడిగానే నిలబడతాయి. కుంచె ప్రాణం ఇక్కడ తలకట్టు విదిలింపులో, కొమ్ము సాగుడులో, వత్తు దిగే తీరులో ఉంటుంది. 'అమ్మమ్మ' అని రాసి చూడండి. రెండు 'మ్మ'లూ అచ్చంగా ఒకేలా పడితే అది చేతిరాత కాదని కన్ను వెంటనే పట్టేస్తుంది. ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలు గీసి, సందర్భాన్ని బట్టి మార్చే వీలు నేటి ఫాంట్లలో ఉంది. గుణింతాలకూ వత్తులకూ కూడా అలా గీయాలంటే చాకిరీ చాలా ఎక్కువ, నిజమే. అయినా చేయాల్సిన పని అదే. వాడేవాళ్లకూ ఒక మాట: కుంచె వత్తులు కిందికి బాగా సాగుతాయి, కింది వరుస గుడులకు తగలకుండా వరుసల మధ్య జాగా వదలండి.

బాపు దస్తూరి ఫాంటుగా మారి శుభలేఖల మీదా పుస్తకాల అట్టల మీదా కనిపిస్తూనే ఉంది. అది మన భాగ్యం. కానీ తెలుగు కుంచె అంటే ఆ ఒక్క చేయే కాదు. సినిమా బ్యానర్లు, దుకాణాల బోర్డులు, ఊరి గోడలు రాసిన చిత్రకారులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. ఫ్లెక్సీలు వచ్చి వాళ్ల పని తీసుకుపోయాయి. చేయి తిరిగిన వాళ్లు ఉండగానే వాళ్ల చేత అక్షరమాల మొత్తం, వత్తులతో సహా, రాయించాలి. విశ్వవిద్యాలయాలు, అకాడమీలు పూనుకోదగ్గ పని ఇది. ఆ చిత్రకారుల అనుమతి అడగాలి, రాసినందుకు డబ్బివ్వాలి, అమ్మకంలో వాటా ఇవ్వాలి. ప్రతి ఫాంటు ఫైలులోనూ రూపకర్త పేరుకు ఒక గడి ఉంటుంది. అందులో కంప్యూటరుకు ఎక్కించిన వారితో పాటు కుంచె పట్టినవారి పేరూ ఉండాలి.