రూపాయి పడితే అందరికీ పండగేనా?



రూపాయి పడిందని తెలిస్తే ఎక్స్ఛేంజి ముందు లైను పెరుగుతుంది. 2013లో ఇక్కడ ఉన్న పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మే మొదట్లో డాలరుకు 54 రూపాయల దగ్గరున్న రేటు ఆగస్టు 28న 68 దాటింది. మన దిర్హామ్‌ను డాలరుకు కట్టేశారు, డాలరుకు 3.6725. అందుకే వెయ్యి దిర్హామ్‌లు పంపితే 14,700 వచ్చేచోట 18,500 వచ్చింది.

మరి అదే నాలుగు నెలల్లో ఊళ్లో ఒక కంపెనీ సంగతి చూద్దాం. అది విదేశీ బ్యాంకు దగ్గర కోటి డాలర్లు అప్పు తెచ్చిందనుకోండి. మేలో ఆ బాకీ 54 కోట్లు. ఆగస్టుకు 68 కోట్లు. కొత్తగా ఒక్క పైసా తీసుకోలేదు, అయినా 14 కోట్లు మీద పడ్డాయి. కంపెనీకి వచ్చే రాబడి మాత్రం రూపాయల్లోనే. సరుకు అమ్మి డాలర్లు సంపాదించే సాఫ్ట్‌వేర్, మందుల కంపెనీలకు ఈ దెబ్బ అంతగా తగలదు.

తెలిసి తెలిసి ఎందుకు తెస్తారు? వడ్డీ తక్కువని. ఇండోనేసియాలో అదే జరిగింది. అక్కడి రూపియా ఏటా కొద్దికొద్దిగానే తగ్గేది. అలాగే సాగుతుందన్న ధీమాతో చాలా కంపెనీలు రేటు ముందే ఖాయం చేసుకునే ఒప్పందం కూడా లేకుండా డాలర్లు తెచ్చాయి. 1997 ఆగస్టు 14న ప్రభుత్వం రేటును వదిలేసింది. అందరూ ఒక్కసారే డాలర్ల కోసం ఎగబడ్డారు, రూపియా ఇంకా పడింది. 1997 నడుమ డాలరుకు 2,400 రూపియాలు, 1998 జనవరికి పదివేలు దాటింది. 240 కోట్ల రూపియాల బాకీ వెయ్యి కోట్లయింది. కంపెనీలు మునిగాయి. ముందుగా రోడ్డున పడింది భవనాలు కట్టే కూలీలే.

దీంతో మనకేం పని అంటారా? ఉంది.

ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి వీసా కట్టినవాడి బాకీ రూపాయల్లో, సంపాదన దిర్హామ్‌లలో. రూపాయి పడితే అతనికి లాభమే. ఆ ఎక్కువ వచ్చిన డబ్బు సెల్‌ఫోనుకో బంగారానికో కాక, ముందు ఆ బాకీకి పోవాలి.

ఇక్కడి బ్యాంకులో లోనో, క్రెడిట్ కార్డో వాడి, తీర్చకుండా ఇంటికి పోయినవాడి లెక్క తలకిందులు. బాకీ దిర్హామ్‌లలో, సంపాదన రూపాయల్లో. పదివేల దిర్హామ్‌ల బాకీ 2013లో ఆ నాలుగు నెలల్లోనే 1,47,000 నుంచి 1,85,000 అయింది. వడ్డీ వేరే. అతనూ ఆ ఇండోనేసియా కంపెనీ లాంటివాడే.

అందుకే ఒక్క మాట. ఏ డబ్బులో సంపాదిస్తామో ఆ డబ్బులోనే అప్పు ఉండాలి. ఎగ్జిట్ కొట్టించుకునే ముందు బ్యాంకు బాకీ తీర్చి, తీరిందని కాగితం చేతికి తీసుకోండి. ఆ తర్వాతే టికెట్.