పని పోయినా కార్డు పోదు

మాత్రలు ఎప్పటి నుండి మానేశారని అడిగితే, "పని పోయిన నెల నుండి అండీ" అనే జవాబు మా ఓ.పి.లో తరచుగా వింటున్నాము. ఆటోనగర్‌లో లేతు పని చేసిన ఒకాయన ఆ మధ్య అరికాలి పుండుతో వచ్చారు. పదేళ్లుగా షుగరు ఉంది. గుణదల ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి నుండి క్రమంగా మందులు తెచ్చుకునేవారు. జూలై నెలాఖరులో పనిలో నుండి తీసేశారు. పనితోపాటు కార్డు కూడా పోయిందనుకుని అక్కడికి వెళ్లడం మానుకున్నారు. ఇంట్లో గాజులు కుదువకు వెళ్లాయి. నవంబరులో పుండు వాసన కొడుతుంటే భార్య బలవంతం మీద మా దగ్గరకు వచ్చారు. రెండు వేళ్లు తీసేయవలసి వచ్చింది.

ఆయన కార్డు ఆ రోజుకు కూడా చెల్లుతూనే ఉంది. మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టింది ఇదే.

ఈ.ఎస్.ఐ. లెక్క కొంచెం మెలికగా ఉంటుంది. ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు ఒక చందా కాలం, అక్టోబరు నుండి మార్చి వరకు మరొకటి. ఒక కాలంలో 78 రోజులకు చందా పడి ఉంటే దాని ఫలం ఆలస్యంగా అందుతుంది. మొదటి దానికి మరుసటి జనవరి నుండి జూన్ వరకు, రెండవ దానికి వచ్చే జూలై నుండి డిసెంబరు వరకు. కాబట్టి అంతవరకు మానకుండా పని చేసి జూలై ఆఖరున ఉద్యోగం పోయిన మనిషికి, మరుసటి సంవత్సరం జూన్ దాకా తనకూ ఇంటివారికీ వైద్యం ఉంటుంది.

వైద్యంతోపాటు భృతి కూడా ఉంది. నిరుద్యోగ భృతి అనగానే మన వైపు చాలామందికి 2018 అక్టోబరులో మొదలై, 2019లో ప్రభుత్వం మారాక ఆగిపోయిన యువనేస్తం గుర్తుకు వస్తుంది. అది చదువుకుని ఉద్యోగం దొరకని యువతకు. ఉన్న పని పోయిన కార్మికుని కోసం ఈ.ఎస్.ఐ.లో 2018 జూలై 1న అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చింది. మొదట రోజు సగటు జీతంలో నాలుగో వంతు ఇచ్చేవారు. కరోనా సంవత్సరం 2020లో దానిని సగం చేశారు, గరిష్ఠంగా 90 రోజులకు. రోజుకు 500 రూపాయలు సంపాదించిన వ్యక్తికి ఆ లెక్కన మొత్తం 22,500 రూపాయలు. యజమాని ద్వారా వెళ్లనవసరం లేకుండా, పని పోయిన 30 రోజుల తర్వాత మనమే దరఖాస్తు పెట్టుకునే వీలు కూడా అప్పుడే వచ్చింది. ఈ పథకాన్ని గడువు పెట్టి పొడిగిస్తూ వచ్చారు గనుక, ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకుని ముందుగా బ్రాంచి ఆఫీసులో విచారించండి. దుష్ప్రవర్తన కారణంగా తొలగించబడినవారికీ, స్వచ్ఛందంగా విరమించుకున్నవారికీ ఇది వర్తించదు. అందుచేత "నా ఇష్టంతోనే మానుకుంటున్నాను" అనే కాగితం మీద చదవకుండా సంతకం పెట్టకండి.

ఇవన్నీ చెబితే ఆ లేతు పని ఆయన, "ఊరికే వచ్చే డబ్బు కోసం చెయ్యి చాపలేనండీ" అన్నారు. ఊరికే ఎలా అవుతుంది? 15,000 జీతం మీద 2019 జూలై నుండి నెలకు 112 రూపాయల 50 పైసలు ఆయన నుండి, 487 రూపాయల 50 పైసలు యజమాని నుండి జమ అవుతూ వచ్చాయి. ఇంగ్లండులో కార్మికులు 1911 చట్టంతోనే ఇలా చందా కట్టి పని లేని వారాలకు భృతి తీసుకోవడం మొదలుపెట్టారు. ఇన్సూరెన్సు ఉన్న బండి గుద్దుకుంటే క్లెయిము పెట్టడానికి ఎవరూ సిగ్గుపడరు కదా! కానీ పని పోతే మాత్రం ఇంట్లో చెప్పకుండా రోజూ క్యారియరు పట్టుకుని బయలుదేరి, పగలంతా కృష్ణ ఒడ్డున ఘాటులో కూర్చుని వచ్చిన వారిని మేము చూశాము. ఆ నెలల్లోనే బి.పి. పెరుగుతుంది, నిద్ర పోతుంది, కొందరికి తాగుడు మొదలవుతుంది.

ఈ భృతి సరిపోతుందని మేము అనడం లేదు. జీవితకాలంలో ఒక్కసారి, అదీ 90 రోజులే అంటూ తెచ్చిన నిబంధన చాలా పిసినారితనంగా తోస్తుంది. 2017లో పెట్టిన 21,000 రూపాయల జీతం హద్దు దాటితే కార్డు లేదు. పదిమంది కంటే తక్కువ ఉన్న కొట్టులో గుమాస్తాకు లేదు. కైకలూరు వైపు చెరువుల మీద కూలికి వెళ్లేవారికీ, కాలువ కట్టిన నెలల్లో పొలం పని లేని కూలీలకూ ఏ కార్డూ లేదు. ఆ కుటుంబాల గురించి ప్రభుత్వాలు ఇంకా ఆలోచించవలసి ఉంది.

ఉన్న హక్కునైనా వదులుకోకండి. ఆఫీసులంటే బెదిరేవారి వెంట చదువుకున్న కొడుకో బావమరిదో వెళితే పని తేలికవుతుంది. మా దగ్గరకు వచ్చినప్పుడు, చీటీ రాయించుకునే చోటే పని పోయిన సంగతి చెప్పండి. దాచిపెడితే డాక్టరుగారు మీరు కొనలేని మందు రాస్తారు, మీరు సరేనని తల ఊపి ఇంటికి వెళ్లిపోతారు.