మహాజన సభకు పోనివాని డిపాజిట్టు

వైద్యవిద్య నభ్యసించి బందరులో స్థిరపడి, పిదప జాతీయోద్యమమునకు జీవితము ధారపోసిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1915లో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకునకును, మరి ఎనిమిదేండ్లకు, 1923లో, ఆంధ్రా బ్యాంకునకును ఊపిరి పోసిరి. మొదటిది గ్రామ సంఘములు కలసి తమ కొరకు తాము నడుపుకొనుటకై ఏర్పడిన సంస్థ. రెండవది వాటాదారుల సొమ్ముతో వ్యాపారము చేయు కంపెనీ. ఒకే ఊరిలో, ఒకే మనిషి, ఒకే దశాబ్దము లోపల ఈ రెంటిని నెలకొల్పెననగా, వీనిలో నొకటి మంచిది, రెండవది చెడ్డది అని ఆయన తలచియుండెనని చెప్పుటకు వీలులేదు. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో లీనమై, బోర్డుల మీదినుండి తన పేరునే పోగొట్టుకొన్నది. సహకార కేంద్ర బ్యాంకు మాత్రము నేటికిని బందరు కేంద్రముగనే పనిచేయుచున్నది. పెద్దది శాశ్వతము, చిన్నది క్షణికము అని నమ్మువారు ఈ సంగతిని ఒకపరి తలపోయదగును; అయితే అదే సమయమున, పేరు పోయినను ఆంధ్రా బ్యాంకులో డబ్బు దాచుకొన్నవాని కొక్క పైసయు పోలేదన్న సంగతిని కూడ మరువరాదు.

పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, ఊరి చివరి పొలము అమ్ముకొన్న రైతు, కొడుకు పంపిన డాలర్లు రూపాయలైన తరువాత ఏమి చేయవలెనో తోచని తండ్రి – వీరందరును నన్నడుగు ప్రశ్న ఒక్కటే: "మన సొసైటీలో వెయ్యమంటారా, స్టేట్ బ్యాంకులో వెయ్యమంటారా?" ప్రశ్న ముగియకముందే దాని తోక కూడ వినవచ్చును: "సొసైటీవాళ్లు రెండు శాతం ఎక్కువిస్తామంటున్నారండీ." నా మట్టుకు ఆ రెండు శాతము చిట్టచివర ఆలోచింపదగిన సంగతి. అంతకు మున్ను ఎవరికి వారు వేసికొనదగిన ప్రశ్న వేరొకటి కలదు: నేను ఆ సంఘమునకు సభ్యుడనై, ఏటికొకమారు జరుగు మహాజన సభకు పోయి, ఆస్తి అప్పుల పట్టీని చదివి, అర్థము కానిచోట నలుగురిలో లేచి అడుగగలనా? అడుగగలనన్నవానికి సొసైటీ తగిన చోటు. అడుగలేనన్నవానికి పెద్ద బ్యాంకు, అందలి సమస్తమైన విసుగులతో సహా, శరణ్యము.

ఇది నేను కల్పించిన సిద్ధాంతము కాదు. సహకార పరపతి పుట్టుకలోనే ఇది ఇమిడియున్నది. పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీ దేశపు పల్లెలలో రైఫైజెన్ నెలకొల్పిన సంఘముల తీరును పరిశీలించి, ఫ్రెడరిక్ నికల్సన్ మద్రాసు ప్రభుత్వమునకు 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదిక సమర్పించెను. దరిమిలా వచ్చిన 1904 నాటి చట్టము గ్రామ సంఘములకు అపరిమిత బాధ్యతను నియమముగ విధించెను. అనగా సంఘము మునిగినచో ప్రతి సభ్యుడును తాను పెట్టిన వాటాకు మాత్రమే కాక తన యావదాస్తితోను జవాబుదారి యగును. ఒకడు పాడిగేదెను కొందునని అప్పు తెచ్చి, ఆ సొమ్ము కూతురి పెండ్లిలో ఖర్చుపెట్టినచో, రేపు ఆ బాకీ తీర్చుటకు ప్రక్కవాని పొలము కూడ వేలమునకు రావచ్చును. అందుచేత ఆ ప్రక్కవాడు గేదె వచ్చినదా లేదా యని కొట్టములోనికి తొంగిచూచుటకు కారణము కలిగెను. సహకారమునకు మూలబలము దయాదాక్షిణ్యములని ఉపన్యాసకులు చెప్పుదురు గాని, ఆ తొంగిచూపే దాని అసలు మూలధనము.

ఆ చూపు ఎట్లు మందగించెనో చెప్పవలెనన్న నొక గ్రంథమగును, క్లుప్తముగ చెప్పెదను. రైతు చేయు అప్పులో సహకార సంఘముల పాలు నూటికి సుమారు మూడు మాత్రమే యని 1951-52 నాటి గ్రామీణ పరపతి సర్వేలో తేలగా, గోర్వాలా సంఘము 1954లో ప్రభుత్వమే వాటాధనము పెట్టి ఈ సంఘములను నిలబెట్టవలెనని సూచించెను. ఉద్దేశము ఉదాత్తమే. కాని వాటా వెంట పెత్తనము వచ్చెను; పెత్తనము వెంట పార్టీలు వచ్చినవి; సొసైటీ అధ్యక్ష పదవి ఊరి రాజకీయమునకు తొలిమెట్టయ్యెను. ఆ మీదట ఎన్నికల కొకమారు మాఫీల ఆశ పొడసూపగా, వేళకు కట్టినవాడు వెర్రివాడును, కట్టనివాడు దూరదృష్టి కలవాడును అయ్యెను. ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక సంఘములకు 2013లో ఎన్నికైనవారి గడువు తీరిన తరువాత ఏండ్ల తరబడి సర్కారు నియమించిన త్రిసభ్య కమిటీలే రాజ్యమేలినవి. తెలంగాణలో 2020లో ఎన్నికలు జరిగినవి. సభ్యుడు ఓటు వేయని సంఘము సభ్యునిదెట్లగునో నాకు బోధపడదు.

అన్నిచోట్లను కథ ఇట్లే నడచినదని కాదు. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారి చేతులమీదుగా పుట్టిన ములుకనూరు సహకార సంఘము, మెట్టభూముల నడుమ, అప్పు నిచ్చుటతో తన పని తీరినదనుకొనక, విత్తనములు, ఎరువులు సమకూర్చుచు, పండిన పంటను కొనుచు, సభ్యునితో ఏడాది పొడుగున లావాదేవీ కలిగియుండును. అప్పిచ్చినవాడే పంటను కొనువాడైనప్పుడు బాకీ వసూలునకు జీపులు పంపవలసిన పనిలేదు. ఏడాదికొక్కమారు మొగము చూచుకొనువారి నడుమ పుట్టని నమ్మకము, వారమువారము త్రాసు దగ్గర కలిసికొనువారి నడుమ పుట్టుటలో వింత లేదు.

ఒక పట్టణములోని పరపతి సంఘపు మహాజన సభను నేను చూచితిని. ఊరి పేరు చెప్పను. కల్యాణమండపపు గుమ్మమువద్ద సంతకము పెట్టించుకొని, ప్రతి సభ్యుని చేతిలోను ఒక స్టీలు డబ్బాయు, మైసూరుపాకు పొట్లమును పెట్టుచుండిరి. సంతకము చేసి, డబ్బా పుచ్చుకొని, లోనికి రాకయే స్కూటరెక్కి పోవువారే హెచ్చుగ కనబడిరి. వేదిక మీద కార్యదర్శి గుక్క తిప్పుకొనకుండ అంకెలు చదివి "ఆమోదమేనా?" అనగా, ముందు వరుసలవారు "ఆమోదం, ఆమోదం" అనిరి. అంతలో వెనుకనుండి నేతచీర కట్టిన ఒక పెద్దావిడ లేచి, "అయ్యా, గడువు దాటిన బాకీలని ఓ అంకె చదివావు గదా, అందులో డైరెక్టర్ల చుట్టాలవి ఎన్నో అది కూడా చదువు నాయనా" అనెను. కార్యదర్శి అధ్యక్షుని వంక చూచెను. అధ్యక్షుడు గోడగడియారము వంక చూచెను. "భోజనాలు చల్లారిపోతున్నాయమ్మా" అని వేదికపైనుండి ఎవరో నచ్చజెప్పబోయిరి. "చల్లారితే చల్లారనీ. నా డబ్బు చల్లారకుండా చూసుకోవద్దూ?" అని ఆమె కూర్చుండక నిలుచుండెను. తుదకు లెక్క చదువక తప్పలేదు; విన్న మీదట అంత భయపడదగినదేమియు అందులో లేదు. ఆ సంఘము మీద నాకు విశ్వాసము కలిగినది దాని లాభము చేత కాదు, ఆమె చేత.

పెద్ద బ్యాంకులో ఇట్టి ప్రశ్నకు తావు లేదు, అవసరమును లేదు. అచట టోకెను తీసికొని కూర్చుండుటయే మన కర్తవ్యము. మేనేజరు మూడేండ్లకొకమారు బదిలీయై పోవును. కౌంటరులోని యువకుడు ఏ బీహారునుండియో వచ్చినవాడు. సౌమ్యుడే, కష్టపడి పనిచేయువాడే. కాని రైతు వచ్చి "బోరు ఎండిపోయింది సారూ, వాయిదా జరపాలి" అనినచో, మొదట ఆ మాటకు అర్థము వెదకుకొని, పిమ్మట ఎండిన బోరును వ్రాయుటకు కంప్యూటరులో గడి వెదకుకొనవలెను. సొసైటీ కార్యదర్శికో, ఆ బోరు ఎన్ని అడుగుల లోతున ఎండెనో, దానిని వేసిన బండివానికి రైతు ఇంకను ఎంత బాకీయో కూడ తెలియును. ఈ ఎరుక ఎంత ఉపకారమో అంత అపకారము. రైతు ఏ కులమువాడో, మొన్న ఎవరి జెండా పట్టెనో కూడ ఆ కార్యదర్శికి తెలియును గదా! పెద్ద బ్యాంకులో చేసిన అప్పును కట్టుకొన్న భార్యకు కూడ తెలియకుండ దాచవచ్చును. సొసైటీలో చేసిన అప్పు ప్రొద్దు గ్రుంకకముందే రచ్చబండకు చేరును. నలుగురిలో మానముగ బ్రతుకువాని కిది చిన్న సంగతి కాదు.

ఇక మునుగుటల ముచ్చట. 2001లో హైదరాబాదున కృషి కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కూలినది. దాని వెంటనే కొద్ది సంవత్సరములలో చార్మినార్, ప్రుడెన్షియల్, వాసవి బ్యాంకులు చితికినవి. పెన్షను సొమ్ము పోగొట్టుకొన్న వృద్ధులు ఏండ్ల తరబడి కార్యాలయముల చుట్టు తిరిగిరి. పెద్దవి మునుగవా యని అడుగవచ్చును. మునుగబోవును, కాని మునుగనీయరు. ఎస్ బ్యాంకు మీద 2020 మార్చి 5న ఆంక్షలు విధించి, 50,000 రూపాయలకు మించి తీయరాదనిరి. స్టేట్ బ్యాంకును ముందు నిలిపి పెట్టుబడి పెట్టించి, మార్చి 18 నాటికే ఆ ఆంక్షలను ఎత్తివేసిరి. అంతకు ఆరు నెలలు ముందు, 2019 సెప్టెంబరులో, పంజాబ్ మహారాష్ట్ర సహకార బ్యాంకు ఖాతాదారులను తొలుత 1,000 రూపాయలకు మించి తీయరాదనిరి. ఆ బ్యాంకు యూనిటీ అను చిన్న ఫైనాన్సు బ్యాంకులో కలియుటకు 2022 జనవరి వరకు పట్టినది. పెద్ద డిపాజిట్లవారికి బాకీ తీర్చుటకు పదేండ్ల వరకు సాగు వాయిదాలు నిర్ణయించిరి. రెండుచోట్లను తప్పు నడిపినవారిదే. శిక్ష మాత్రము ఒకరికి పదమూడు దినములు, మరియొకరికి సంవత్సరములు. ఇది న్యాయమా యన్నచో కాదందును. అయినను డబ్బు దాచుకొనువాడు న్యాయమును కాదు, ఉన్న లోకమును చూచి దాచుకొనవలెను.

ఈ సందర్భమున ఒక భేదమును విస్పష్టముగ తెలిసికొనవలెను. చాలమంది ఇచ్చటనే పొరబడుచున్నారు. రిజర్వు బ్యాంకు లైసెన్సు గల సహకార బ్యాంకు వేరు, లైసెన్సు లేని పరపతి సంఘము వేరు. మొదటిదానిలో, పెద్ద బ్యాంకులో వలెనే, అసలు వడ్డీ కలిపి ఒక్కొక్క డిపాజిటరునకు 5 లక్షల రూపాయల వరకు బీమా కలదు. 1993 నుండి లక్షయే యుండిన ఈ పరిమితిని 2020 ఫిబ్రవరిలో పెంచిరి. బ్యాంకు మీద ఆంక్షలు పడినచో తొంబది దినములలో ఆ మొత్తమును చెల్లించునట్లు 2021లో చట్టమును సవరించిరి. రెండవదానిలో ఇట్టి అండ ఏమియు లేదు. సర్కారు జోక్యము లేకుండ సభ్యులు తమ సంఘమును తామే నడుపుకొనుటకై 1995లో మన రాష్ట్రము తెచ్చిన పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము ఆశయమున మేలైనది. దానిక్రింద పల్లెలలో మహిళా పొదుపు సంఘములు, పాడి సంఘములు చక్కగ పెరిగినవి. ఆ చట్టపు నీడనే, 2022లో కాకినాడలో జయలక్ష్మి సొసైటీ, హెచ్చు వడ్డీ కాశపడి విరమణ సొమ్మంతయు తెచ్చి పోసిన వేలమందిని వీధిని పడవేసినది. ప్రభుత్వము చూడనక్కరలేదని చట్టము చెప్పినప్పుడు సభ్యుడు రెట్టింపుగ చూడవలెను. ఆ డిపాజిటర్లలో ఎందరు మహాజన సభకు పోయిరని అడుగుట పుండుపై కారము చల్లుట యగునేమో గాని, అడుగకుండ నుండలేకున్నాను.

అమెరికాలోని మన పిల్లలు ఈ విషయమున తలిదండ్రులకు తెలియక హాని చేయుచున్నారు. అచటి క్రెడిట్ యూనియన్‌లో కారుకు చౌక వడ్డీకి అప్పు దొరకి, మర్యాదయు దొరకగా, "మన సొసైటీ కూడా అలాంటిదే నాన్నా, వేసెయ్" అని ఫోనులో సలహా చెప్పుదురు. జాతి ఒకటే, నిజమే; రైఫైజెన్ సంతతియే. కాని ఫెడరల్ బీమా గల క్రెడిట్ యూనియన్‌లో సభ్యుని సొమ్మునకు 2,50,000 డాలర్ల వరకు అభయము కలదు. తండ్రి ఊరిలోని సొసైటీకి అట్టిది లేదు. గొడుగు క్రింద నిలుచున్నవాడు వానలో నున్నవానికి, తడియదులే యని ధైర్యము చెప్పినట్లున్నది.

అప్పు పుచ్చుకొనువాని సంగతి దీనికి పూర్తిగ భిన్నము, దానిని ఒక్క మాటలో తేల్చివేయవచ్చును. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకొనువానికి, జీతపు చీటీ లేనివానికి, ఇద్దరు తోటివారి షూరిటీ సంతకములు తప్ప వేరు ఆస్తి లేనివానికి సొసైటీ ఒక దేవుడిచ్చిన వరము. అప్పు తీసికొన్న చోట, వాటాకు పెట్టిన సొమ్ము తప్ప, మునుగునది వాని డబ్బు కాదు. కనుక అతడు నిస్సంకోచముగ చేరవచ్చును.

పైన ప్రశ్న అడిగినవారిలో ఆ విశ్రాంత ఉపాధ్యాయుడు తుదకు చేసినదేమనగా: విరమణ సొమ్ములో పెద్ద పాలును స్టేట్ బ్యాంకులో వేసి, లైసెన్సు గల సహకార బ్యాంకులో తన పేర కొంత, భార్య పేర కొంత, వడ్డీతో కలిపి ఏ ఒక్కటియు 5 లక్షలు దాటకుండ లెక్కగట్టి ఉంచి, ఊరి సొసైటీలో బంగారము మీద అప్పునకు పనికివచ్చునని వాటాలు మాత్రము నిలుపుకొనెను. డబ్బా పుచ్చుకొని వెళ్లిపోక, మొన్నటి మహాజన సభలో చివరివరకు కూర్చుండి మొండి బాకీల పట్టిక అడిగెనట. అప్పటినుండి వచ్చే ఎన్నికలలో డైరెక్టరుగ నిలువవలసినదని కొందరును, ఆరోగ్యము జాగ్రత్తగ చూచుకొని సభలకు రాకుండుట మంచిదని మరి కొందరును ఆయన ఇంటికి వచ్చి పోవుచున్నారు.

— పరిశీలకుడు