సోమవారం లోపు తగ్గాలి

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు కొండాపూర్‌లోని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. ‘బాబుకి 102 ఉంది. ఎవరింట్లోనైనా అజిత్రోమైసిన్ సిరప్ ఉందా? ప్లీజ్, అర్జెంట్.’ అయిదు నిమిషాలు తిరక్కుండానే మూడు జవాబులు. ఒకరి దగ్గర సగం సీసా ఉంది. ఇంకొకరి దగ్గర అది లేదు గానీ సెఫిక్సైమ్ ఉంది, ‘మా పాపకి రెండు డోసుల్లో తగ్గిపోయింది’ అని సిఫార్సు కూడా. మూడో ఆయన ఏకంగా ఫ్రిజ్ తలుపు ఫొటో తీసి పెట్టాడు. సాస్ సీసా పక్కన మూడు మందు సీసాలు, మూతల చుట్టూ తెల్లగా ఎండి అట్టకట్టిన మందు. ఏది కావాలంటే అది పట్టుకెళ్లమన్నాడు.

ఇరుగుపొరుగు మంచితనానికి వంక పెట్టను. ఒకప్పుడు పంచదార, కరివేపాకు ఇలాగే చేబదులు తీసుకునేవాళ్లం. కానీ ఆ మెసేజ్‌లో నన్ను ఆపింది 102 కాదు, ఆదివారం రాత్రి. తెల్లారితే సోమవారం. జ్వరం ఉన్న పిల్లాణ్ని డే కేర్ వాళ్లు గేటు దాటనివ్వరు. తల్లికి తొమ్మిదింటికి ఆఫీసు స్టాండప్ మీటింగ్, తండ్రికి క్లయింట్ కాల్. హైటెక్ సిటీ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ టవర్‌లో చూసినా ఇదే కథ. ప్రాజెక్టుకు ఉన్నట్టే ఇక్కడ పిల్లల జ్వరానికీ ఒక గడువు ఉంటుంది. సోమవారం లోపు తగ్గాలి. ఆ గడువు కోసమే మనం యాంటీబయాటిక్ కొంటున్నాం. సీసా మీద మందు పేరుంటుంది, మనం చెల్లించేది మాత్రం సెలవు ఖరీదు.

పిల్లలకు వచ్చే జలుబు, దగ్గు, జ్వరాల్లో చాలా భాగం వైరస్ వల్ల వచ్చేవే. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపుతుంది, వైరస్ జోలికి పోలేదు. ముక్కు పచ్చగా కారినంత మాత్రాన బ్యాక్టీరియా చేరిందని కాదు, అది మామూలు జలుబులోనూ ఉండేదే. మూడో రోజుకో నాలుగో రోజుకో జ్వరం దానంతట అదే దిగుతుంది. అప్పటికి రెండు డోసులు పడి ఉంటాయి కాబట్టి పేరు మందుకొస్తుంది. కాకి వాలగానే తాటిపండు రాలింది, మనం కాకిని మెచ్చుకుంటున్నాం. పాపం డాక్టర్ ‘రెండు రోజులు చూద్దాం’ అని పారాసిటమాల్ ఒక్కటే రాస్తే ‘ఇంత ఫీజు తీసుకుని ఇదా రాసింది?’ అని లిఫ్ట్ దిగేలోపే ఇంకో డాక్టర్‌ను వెతుకుతాం.

చూద్దాం అనే మాటకు మన దగ్గర విలువ లేకుండా పోయిందనడానికి వైడాల్ పరీక్షే సాక్ష్యం. ‘టైఫాయిడ్ పాజిటివ్ అట’ అనే మాట వినని తెలుగు ఇల్లు ఉండదు. 1896 నాటి ఆ పరీక్ష చూసేది క్రిమిని కాదు, క్రిమి మీద ఒంట్లో పుట్టే యాంటీబాడీలను. అవి పెరగడానికి వారం పైనే పట్టొచ్చు. ఎప్పుడో వచ్చి పోయిన జబ్బు వల్లా, వేరే క్రిముల వల్లా కూడా పాజిటివ్ చూపించవచ్చు. జ్వరం వచ్చిన రెండో రోజున వచ్చే ‘పాజిటివ్’కి అర్థం చాలా తక్కువ. నిజం తేల్చేది బ్లడ్ కల్చర్. అయితే దానికి మొదటి డోసు వేయకముందే రక్తం తీయాలి, ఫలితం కోసం రెండు మూడు రోజులు ఆగాలి. ఒకటి ఆఫీసు నుంచి వచ్చేలోపు చేతికొస్తుంది, ఇంకొకటి ఆగమంటుంది. మనం ఏది చేయించుకుంటామో చెప్పక్కర్లేదు. నిజంగా టైఫాయిడే అయినా, సరైన మందు పడ్డాక జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పడుతుంది. మూడో రోజే ‘ఈ మందు పనిచేయట్లేదు’ అని డాక్టర్‌ను మార్చేస్తే, ఆ కొత్తాయన దాని మీద ఇంకో మందు వేస్తాడు.

తొందర ఖరీదు ఎంతో తెలియాలంటే మన పేరే ఉన్న ఇంకో ఊరిని చూడాలి. పాకిస్తాన్ సింధ్‌లోనూ ఒక హైదరాబాద్ ఉంది. 2016లో అక్కడి పిల్లల్లో ఒక మొండి టైఫాయిడ్ మొదలైంది. పాత మందులతో పాటు డాక్టర్లు నమ్ముకున్న సెఫ్‌ట్రయాక్సోన్‌కి కూడా అది లొంగలేదు. నోటితో వేసే వాటిలో చివరికి మిగిలింది అజిత్రోమైసిన్. మన గ్రూపులో పంచదారలా చేబదులు ఇచ్చుకుంటున్న మందు అదే. 2019 నవంబరులో సింధ్‌లో పిల్లలకు పెద్దఎత్తున టైఫాయిడ్ కాంజుగేట్ టీకా వేశారు. ఆ టీకా వెళ్లింది ఈ హైదరాబాద్ నుంచే, జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ నుంచి. ఆ ఊరి పిల్లలకు రక్షణ పంపిన ఊళ్లోనే ఆ చివరి మందును జలుబుకి తాగిస్తున్నాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్స్‌ను మూడు వర్గాలుగా విడదీసింది. చాలా ఇన్ఫెక్షన్లకు ముందుగా వాడదగ్గవి మొదటి వర్గం, అమాక్సిసిలిన్ అందులోది. మా గ్రూపులో ఇస్తామన్న అజిత్రోమైసిన్, సెఫిక్సైమ్ రెండూ రెండో వర్గానివి, అంటే ఆచితూచి వాడాల్సినవి. సెఫిక్సైమ్ 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్-1 మందుల జాబితాలో ఉంది. అమ్మిన షాపువాడు డాక్టర్ పేరు, రోగి పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. ఫ్రిజ్ నుంచి ఫ్రిజ్‌కి వెళ్లే సీసాకు ఏ రిజిస్టరూ లేదు.

యాంటీబయాటిక్స్ వద్దని నేను అనడం లేదు. చెవిలో చీము, న్యుమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షన్, నిజమైన టైఫాయిడ్ వచ్చిన బిడ్డకు అవే ప్రాణం. అలాంటప్పుడు సరిగ్గా ఇవ్వడమే మన పని. అదేమంత తేలిక కాదని నాకు సొంత అనుభవం. మనవడికి మొదటిసారి పొడి మందు కలిపింది నేనే. సీసా మీద గీత దాకా కాచి చల్లార్చిన నీళ్లు పోశాను, గిలకొట్టాను, పని అయిపోయిందనుకున్నాను. నురగ దిగాక చూస్తే మందు గీతకు ఒక వేలు కింద ఉంది. పొడి తడిశాక మట్టం పడిపోతుందని, మళ్లీ గీత దాకా నీళ్లు పోసి కలపాలని పెట్టెలోని కాగితం మీద రాసే ఉంది. చదవలేదు. అలాగే వదిలేస్తే ప్రతి చెంచాలో మందు ఎక్కువ పడేది.

ఇంకో చిక్కు అంకెలది. అమాక్సిసిలిన్-క్లావులనేట్ సిరప్ ఒకటి 5 ఎం.ఎల్.కి 228.5 మిల్లీగ్రాములు, ఇంకొకటి 457. పెట్టెలు అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. ‘పోయినసారిలాగే 5 ఎం.ఎల్. పోశాం’ అంటే డోసు రెట్టింపై ఉండొచ్చు. పిల్లల డోసు వయసును బట్టి కాదు, బరువును బట్టి. అందుకే పక్కింటి పాప డోసు మన బాబుది కాదు. కొలవాల్సింది సీసాతో వచ్చిన కప్పుతోనో సిరంజితోనో, వంటింటి చెంచాతో కాదు. కలిపిన ఈ మందు ఫ్రిజ్‌లో పెట్టినా వారమే. కాబట్టి మొన్న సంక్రాంతికి కలిపిన సగం సీసా మందే కాదు. మందు పడ్డాక ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ముఖం వాచినా ఇంకో డోసు వేయకూడదు, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఎన్ని రోజులు వేయాలన్నదీ మన ఇష్టం కాదు. జ్వరం దిగిందని రెండో రోజే మానేయడం ఎంత తప్పో, ‘ఎందుకైనా మంచిది’ అని ఇంకో వారం సాగదీయడమూ అంతే తప్పు. తీవ్రం కాని న్యుమోనియాకి అమాక్సిసిలిన్ మూడు రోజులు వేసినా అయిదు రోజులు వేసినా ఫలితం ఒకటేనని 2004లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. అది జరిగింది మన దేశంలోనే, రెండు వేల మందికి పైగా పిల్లల మీద. రోజులు లెక్కగట్టడం డాక్టర్ పని, ఆ లెక్క తప్పకుండా చూడడం మన పని.

ఆగకూడని వేళలూ ఉన్నాయి. మూడు నెలలు నిండని పసికందుకు జ్వరం 100.4కి చేరితే వెంటనే ఆస్పత్రికే. ఏ వయసు బిడ్డయినా పాలూ నీళ్లూ తాగకపోతే, పిలిచినా మత్తుగా పడి ఉంటే, ఫిట్స్ వస్తే, ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతుంటే తెల్లారేదాకా చూడకూడదు. ఇంట్లోనే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు వాళ్లకు 40, ఆ లెక్కకు చేరితే న్యుమోనియా కావచ్చు.

ఇదంతా చేయడానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి. అసలు కొరత అక్కడే. ఐటీ కారిడార్‌లోని కంపెనీలు జిమ్‌కి చోటిస్తాయి, బీన్ బ్యాగులకు చోటిస్తాయి. బిడ్డకు జ్వరమొస్తే ప్రశ్నలు వేయకుండా రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసుకోనిస్తే, అదీ తల్లికే కాకుండా తండ్రికి కూడా ఇస్తే, ఈ ఫ్రిజ్‌లు సగం ఖాళీ అవుతాయి. డే కేర్‌లు ‘మందు మొదలుపెట్టారా?’ అని అడగడం మాని, ‘జ్వరం పోయి ఒక రోజయిందా?’ అని అడిగితే చాలు.

ఆ రాత్రి గ్రూపులో జవాబు పెట్టకుండా ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. బాబుకి రెండేళ్లు, నీళ్లు తాగుతున్నాడు, పారాసిటమాల్ వేశాక కాసేపు ఆడుకున్నాడు కూడా. ‘ఊపిరి లెక్కపెట్టమ్మా, నిమిషం నిండా’ అన్నాను. ఫోన్ పక్కన పెట్టింది. నిశ్శబ్దం. దూరంగా టీవీ, దగ్గరగా ఆమె పెదాల మీద అంకెలు.

‘ముప్ఫై రెండు, ఆంటీ.’

‘అయితే ఈ రాత్రికి ఆ సీసాలేవీ వద్దు. రాత్రంతా కనిపెట్టుకుని ఉండు. ఏ మాత్రం తేడా కనిపించినా ఆస్పత్రికి వెళ్దాం, నేనూ వస్తాను. లేదంటే పొద్దున్నే డాక్టర్‌కి చూపిద్దాం.’

పదకొండింటికి ఆమె నుంచి మెసేజ్ వచ్చింది. పడుకున్నాడట. రేపు స్టాండప్‌కి రానని మేనేజర్‌కి పెట్టేసిందట.