తుపాకీ కాదు, చెయ్యే ముఖ్యం

2020 మార్చి 29 రాత్రి సూరత్‌లోని పాండేసరలో వందలాది వలస కార్మికులు రోడ్డెక్కారు. లాక్‌డౌన్‌తో అద్దకం మిల్లులు, మరమగ్గాలు ఆగిపోయాయి. కూలి లేదు, రైలు లేదు. తమను సొంత ఊళ్లకు పంపమన్నదే వారి కోరిక. పోలీసులు అడ్డుకున్నారు. రాళ్లు పడ్డాయి, బాష్పవాయు గోళాలు పేలాయి. 90 మందికి పైగా కార్మికులు పోలీసుల అదుపులోకి వెళ్లారు.

నెల రోజుల తరువాత, ఏప్రిల్ 30న, అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌లో మరో గుంపు లాక్‌డౌన్‌పైనే నిరసనకు దిగింది. వారిలో కొందరు రైఫిళ్లు భుజాన వేసుకుని శాసనసభా భవనంలోకి నడిచారు, గ్యాలరీలో నిలబడి కింద ఉన్న సభ్యులను చూశారు. పోలీసులు కాపలా కాశారే తప్ప వారిని బయటకు నెట్టలేదు. ఆయుధాన్ని బాహాటంగా ధరించడం అక్కడ నాటికి చట్టసమ్మతమే.

ఈ రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టి కొందరు ఒక నీతి తీస్తారు: చేతిలో తుపాకీ ఉంటేనే ప్రభుత్వం మర్యాద ఇస్తుందని. అమెరికాలో వారాంతాల్లో జరిగే తుపాకుల సంతల్లో ఆయుధాలతో పాటు అమ్ముడుపోయేది ఈ నమ్మకమే. అక్కడ లైసెన్సు ఉన్న వర్తకుడు కొనేవాడి నేరచరిత్రను పరిశీలించాలి. అదే సంతలో సొంత తుపాకీని అమ్ముకునే సాధారణ వ్యక్తికి ఫెడరల్ చట్టం ఆ బాధ్యత పెట్టలేదు. ఈ వెసులుబాటును మూసే ప్రయత్నం జరిగినప్పుడల్లా స్వేచ్ఛ పేరుతోనే ప్రతిఘటన ఎదురవుతుంది.

ఆ స్వేచ్ఛ అందరిదీ అయితే చరిత్ర మరోలా ఉండేది. 1967 మే 2న బ్లాక్ పాంథర్లు తుపాకులతో కాలిఫోర్నియా శాసనసభా భవనంలోకి వెళ్లారు. కొద్ది నెలల్లోనే, గుళ్లు నింపిన ఆయుధాన్ని బహిరంగంగా మోయడాన్ని నిషేధించే చట్టంపై గవర్నర్ రొనాల్డ్ రీగన్ సంతకం చేశారు. 2016 జులైలో మిన్నెసోటాలో కారు ఆపిన పోలీసుకు, తన దగ్గర తుపాకీ ఉందని ఒక నల్లజాతీయుడు ముందుగానే చెప్పాడు. ఆయనకు లైసెన్సు ఉంది. అయినా సీటులోనే కాల్పులకు బలయ్యాడు. కాల్చిన పోలీసును మరుసటి ఏడాది జ్యూరీ నిర్దోషిగా తేల్చింది. చట్టం చూసింది తుపాకీని కాదు, దాన్ని పట్టుకున్న చేతిని.

మన దగ్గర తుపాకుల సంతలు లేవు కదా అని నిశ్చింతగా ఉండనక్కరలేదు. 2022 ఆగస్టులో మహబూబ్‌నగర్‌లో జరిగిన స్వాతంత్ర్య వజ్రోత్సవ ర్యాలీలో నాటి తెలంగాణ మంత్రి వి. శ్రీనివాస్ గౌడ్ జనం మధ్య గాలిలోకి తుపాకీ పేల్చారు. అది రబ్బరు తూటా అని, ఎస్పీయే తుపాకీ ఇచ్చారని ఆయన వివరణ. అలాగే అనుకుందాం. అప్పుడు అసలు ప్రశ్న మరింత పదునెక్కుతుంది: శాంతిభద్రతల కోసం ఉన్న ఆయుధం ఒక నాయకుని చేతిలో ఉత్సవ వస్తువు ఎలా అయింది? సంబరాల కాల్పులతో ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చని 2019లోనే ఆయుధ చట్టాన్ని పార్లమెంటు సవరించింది. పోలీసు చేతిలోని ఆయుధాన్ని బలవంతంగా లాక్కుంటే కనీసం పదేళ్ల శిక్ష అన్నదీ అదే సవరణ. లాక్కున్నవాడికి శిక్ష ఉంది. మరి అడగకుండానే అందుకోగలిగిన వారి సంగతేమిటి?

పోలీసులపై రాయి విసరడాన్ని ఎవరూ సమర్థించరు. గాయపడిన కానిస్టేబుల్ కూడా జీతం మీద బతికే మనిషే. కానీ పాండేసర కార్మికులకు లోపించింది ఆయుధం కాదు, వినే అధికారి. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం అప్పటికి అమలులోనే ఉంది. అయినా వారిని ఇళ్లకు చేర్చమనీ, లాక్‌డౌన్ ఉల్లంఘన కేసుల ఉపసంహరణను పరిశీలించమనీ సుప్రీంకోర్టు చెప్పేసరికి జూన్ 9 వచ్చింది. మార్చిలోనే బస్సులు వేసి ఉంటే ఆ రాళ్లు లేచేవా?

సూరత్ మగ్గాల మీద తెలంగాణ నుంచి వెళ్లిన నేత కుటుంబాలు తరాలుగా బతుకుతున్నాయి. కనుక ఇది మనకు దూరపు వార్త కాదు. నిరాయుధుడు అడిగినప్పుడు వినని ప్రభుత్వమే తుపాకీ మీద నమ్మకాన్ని పెంచుతుంది. ఆ నమ్మకం మన నేలలో వేళ్లూనకూడదంటే మంత్రికీ మగ్గం కార్మికునికీ పోలీసు ఒకే పుస్తకం తెరవాలి.