కంటికి కానరాని అంగడి

సంతకు పోయినవాడు వస్తువును చేతితో ముట్టి, కంటితో చూచి కొనును. చీరయైనచో అంచును వ్రేళ్ల మధ్య నలిపి చూచును. మామిడిపండైనచో తొడిమ దగ్గర వాసన చూచును. బియ్యమైనచో గుప్పెట పోసుకొని నూకలెన్నియో పరికించును. అమ్మువాని ముఖము అతనికి తెలియును. ఆ ముఖము వచ్చువారము అదే చెట్టుక్రింద మరల కనబడునన్న ధైర్యమును కలదు. తూకములో మోసము జరిగినచో పోయి అడుగుటకు అతని ఇల్లును తెలియును. బేరమనునది తరతరములుగా ఈ చూపుమీద, ఈ స్పర్శమీద, ఈ పరిచయముమీద నడచినది.

కడప సీమలోని రాజంపేటలో నేడు దానికి తోడు మరియొక అంగడి నడచుచున్నది. దానికి కప్పు లేదు, గోడలు లేవు, తలుపులు మూయు వేళ లేదు. సెల్‌ఫోనే దాని వాకిలి. అందు కొనువాడు వస్తువును చూడడు, దాని బొమ్మను చూచును. అమ్మువాడు సూరత్తులో నున్నాడో, ఢిల్లీలో నున్నాడో, ప్రక్కవీధిలోనే యున్నాడో తెలియదు. సొమ్ము క్షణములో పోవును. మూట కొన్ని దినములకు గడప కడకు వచ్చును. చూపును, స్పర్శయు, పరిచయమును లేని చోట నమ్మకము దేనిపై నిలుచును? అంతర్జాలపు క్రయవిక్రయములలో మొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే.

చూడని వస్తువును కొనుట ఈ దేశమునకు బొత్తిగా క్రొత్త గాదు. 1880లో తపాలాశాఖ మనియార్డరు పద్ధతిని చేపట్టినది. వి.పి.పి. అను పద్ధతి వచ్చిన పిమ్మట పల్లెలవారు సైతము పట్టణములలోని అంగళ్లకు ఒక కార్డు వ్రాసి పడవేసి, పుస్తకములను, ఔషధములను ఇంటికి రప్పించుకొనెడివారు. తపాలాజవాను సొమ్ము పుచ్చుకొని మూట చేతికిచ్చెడివాడు. లోపల నున్నది కోరిన వస్తువో కాదో సొమ్ము చెల్లించి విప్పిన తరువాతనే తెలియును! నేడు ‘క్యాష్ ఆన్ డెలివరీ’ అని పిలుచుచున్నది ఆ వి.పి.పి.కి మనుమడే. తాత గుణములును, తాత దోషములును మనుమనికి సంక్రమించినవి.

2007లో సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ అను ఇద్దరు యువకులు బెంగుళూరులో ఫ్లిప్‌కార్ట్ అను అంతర్జాల అంగడిని పుస్తకములతో ప్రారంభించిరి. వారికి మొట్టమొదటి ఆర్డరు మహబూబ్‌నగరము నుండి వచ్చినది. కోరబడినది జాన్ వుడ్ అను రచయిత ఆంగ్లగ్రంథము. అది వారికి సులభముగా దొరకలేదు. శ్రమించి వెదకి, సంపాదించి పంపిరి. దొరకలేదని చెప్పి ఊరకుండినచో వారికి పోవునది ఒక పుస్తకముమీది స్వల్పలాభమే. కాని ముఖమెరుగని అంగడిని నమ్మి ఆర్డరిచ్చిన మొదటి మనిషి నమ్మకము పోయెడిది. కానరాని వర్తకునకు మాట నిలుపుకొనుట యొక్కటే ముఖము.

చిన్న పట్టణమునకు ఈ అంగడి చేసిన మేలును తక్కువగా చెప్పరాదు. పోటీపరీక్షకు చదువు విద్యార్థికి కావలసిన పుస్తకము కడపలోనో తిరుపతిలోనో వెదకవలసిన అగత్యము తగ్గినది. పాత మోటారుపంపునకు వలయు చిన్న భాగము కొరకు రైతు ఒక దినము కూలి పోగొట్టుకొని బస్సెక్క నక్కరలేదు. నడువలేని వృద్ధులు, చక్రములబండిలో తిరుగువారు తమకు కావలసినది తామే ఎంచుకొనగలుగుచున్నారు. ఒకే వస్తువునకు నలుగురు చెప్పు ధరను ఇంటనుండియే పోల్చి చూడవచ్చును.

అయినను ఊరి అంగడిని చిన్నచూపు చూచుట అవివేకము. బజారువీధిలోని చెప్పుల అంగడికి పోయి, అరగంట కూర్చుండి, పది జతలు తొడిగి చూచి, కొలత తెలిసికొని, బయటకు వచ్చి ఫోనులో ఇరువది రూపాయలు తక్కువకు ఆర్డరిచ్చువారు కలరు. ఆ అరగంట సేపు కూర్చుండుటకు పీటయు, ఫ్యాను గాలియు, వర్తకుని ఓపికయు ఉచితముగా వచ్చినవని వారి తలంపు కాబోలు. 2021 నవంబరు 19వ తేదీన చెయ్యేటికి వరద వచ్చి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు నందలూరు, రాజంపేట ప్రాంతమున ఊళ్లు మునిగెను, రైలుమార్గము కొట్టుకొనిపోయెను. దారులు తెగిన దినమున దూరపు మూట రాదు. ఆ పూట దీపము వెలిగించుకొని తలుపు తెరచి యుండునది వీధిమొగనున్న అంగడియే.

ఇక మోసముల మాట. వీనిలో మిక్కిలి చిత్రమైనది అమ్మువానినే దోచు మోసము. ఒకడు తన పాత మోటారుసైకిలును అమ్మదలచి దాని బొమ్మను అంతర్జాలమున నుంచునని యనుకొనవచ్చును. వెంటనే ఫోను వచ్చును. అవతలివాడు తాను సైనికుడనని చెప్పి, బేరమాడక, అడిగిన ధర కొప్పుకొనును. బండి చూడవలెననియు అనడు! సొమ్ము పంపుచున్నాననుచు ఒక క్యూ ఆర్ కోడ్ బొమ్మను పంపి, దానిని స్కాన్ చేసి పిన్ను నొక్కుమనును. నొక్కినంతనే సొమ్ము వచ్చుటకు మారుగా పోవును. ప్రక్కనున్న టీ అంగడివాడు పెద్ద చదువు చదువనివాడే యైనను, “డబ్బు తీసుకొనేదానికి పిన్ను ఎందుకన్నా?” అని యొక్క మాట అడిగినచో మోసము ముడి వీడును. యూపీఐ పద్ధతి 2016లో వచ్చిననాటి నుండి దానిలో పిన్ను సొమ్ము పంపుటకే గాని పుచ్చుకొనుటకు కాదు. ఈ చిన్న సంగతి తెలిసిన ఇంట ఈ మోసము జరుగదు. బేరమాడని కొనుగోలుదారును రాయలసీమ సంతలో ఎవరును నమ్మరు. ఫోనులో మాత్రము ఏల నమ్మవలెను?

ఫోనునకు వచ్చు ఓటీపీ అను సంకేతసంఖ్యయు ఇట్టిదే. దానిని అడుగు బ్యాంకు ఉద్యోగి లేడు. అడుగువాడు బ్యాంకు ఉద్యోగి కాడు. మోసపోయినవారు సిగ్గుచేత ఇంట చెప్పక దాచుట అన్నింటికంటె పెద్ద నష్టము. దొంగసొమ్ము ఒక ఖాతా నుండి మరియొక ఖాతాకు నిమిషములలో పరుగెత్తును. అది పూర్తిగా చేయి దాటకమునుపే 1930 అను సంఖ్యకు ఫోను చేసి చెప్పినచో ఆ ఖాతాలను నిలుపుటకు వీలు కలుగవచ్చును. ఇక్కడ గంటసేపటి సిగ్గునకు వెల చాల హెచ్చు.

మూట విషయమున చట్టము కొనువాని పక్షమున బాగుగనే నిలిచినది. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము 2020 జూలైలో అమలునకు వచ్చెను. ఆ నెలలోనే అంతర్జాల వ్యాపారమునకు ప్రత్యేక నియమములును వచ్చెను. వాని ప్రకారము అంగడి నడుపువారు తమ చిరునామాను, ఫిర్యాదులు వినెడి అధికారి పేరును ప్రకటింపవలెను, ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలుపవలెను, నెలలోపల పరిష్కరింపవలెను. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. అమ్మినవాడు ఏ నగరమున నున్నను, కొన్నవాడు తాను నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషనులోనే దావా వేయవచ్చును. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారమునకు రుసుము లేదు. 1915 అను సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. కాని చట్టము సాక్ష్య మడుగును. బిల్లు, ఆర్డరు సంఖ్య, మూట విప్పునప్పుడు తీసిన వీడియో దాచుకొనినవాడు ధైర్యముగా అడుగగలడు. అట్టలు చించి పారవేసి తరువాత చింతించువానికి వాదము కష్టము.

‘ఇంకను రెండే మిగిలినవి’, ‘పది నిమిషములలో ధర పెరుగును’ అని భయపెట్టి కొనిపించు మాయలను సైతము ప్రభుత్వము 2023 నవంబరులో నిషేధించినది. చెప్పక చేయక మరియొక వస్తువును బుట్టలో చేర్చుటయు ఆ పట్టికలోనిదే. అట్టి మాటలు కనబడినప్పుడు ఫోనును బల్లమీద పెట్టి, భోజనము చేసి వచ్చి, అప్పుడును ఆ వస్తువు కావలెననిపించినచో కొనుట మంచిది. పదునెనిమిది ఏండ్లు నిండని వారికి 1872 నాటి ఒప్పందములచట్టము బేరము చేయు అధికారమునే యీయలేదు. కావున బాలబాలికలు తండ్రి ఫోనులో చాటుగా ఆర్డరిచ్చుట సాహసము కాదు. పెద్దల యెదుట కొనుటయే పద్ధతి.

ఇంతవరకు చెప్పినది కొనుటను గూర్చి. ఊరిలోనికి వచ్చు మూటలే గాని ఊరినుండి పోవు మూటలు లేనిచో ఆ వ్యాపారము ఏకముఖమైన కాలువ వంటిది. ఊరి ధనము దానివెంట బయటకు పారును. రాజంపేట ప్రాంతమునకు అమ్ముకొనదగినవి లేకపోలేదు. కోడూరు మామిడి, అరటి కలవు. కాని పండు దారిలో మెత్తబడును. దానిని దూరము పంపుట అందరికి సాధ్యము కాదు. చీర యట్లు గాదు. రాజంపేటకు చేరువనున్న పుల్లంపేట జరీచీరలకు పేరు పొందినది. మజూరికి నేయు మగ్గపువాడు నూలును షావుకారు నుండి తెచ్చుకొని, నేసిన చీరను అతనికే అప్పగించి, కూలి పుచ్చుకొనును. ఆ చీర చేతులు మారుచు నగరమునకు చేరునప్పటికి దాని ధర ఎంతయినదో నేసినవానికి తెలియదు. సెల్‌ఫోను ఆ ధరను అతనికి చూపగలదు. ఇదియే దానివలన కలుగు పెద్ద లాభము. చౌకగా వచ్చు చెప్పులజత కాదు.

అతని దారిలో ముండ్లు లేకపోలేదు. మరమగ్గము మీద నేసిన నకిలీ బట్టను చేనేత యని చెప్పి సగము ధరకు అమ్మువారు అదే తెరమీద అతని ప్రక్కనే కూర్చుందురు. బొమ్మలో రెండును ఒకటిగనే కనబడును. చేనేతకు ప్రత్యేకించిన రకములను మరమగ్గములపై నేయరాదని 1985లో చట్టము చేయబడినది. నిజమైన చేనేతను గుర్తించుటకు 2006లో హ్యాండ్లూమ్ మార్కు అను ముద్ర వచ్చినది. కొనువారు ఆ ముద్రను అడుగకున్నచో చట్టము కాగితముపైననే యుండును. అంగడివారి కమీషను, తిరిగివచ్చిన చీర దారిఖర్చు సైతము నేతగాని లాభమునుండియే పోవును. కట్టుకొని చూచి, పండుగ గడచిన పిమ్మట చీరను త్రిప్పి పంపువారు తాము మోసము చేయుచున్నామని తలపరు. అదియు మోసమే, పైగా బీదవానిపై చేసిన మోసము.

రాష్ట్రములోపలనే అమ్ముకొను చిన్న వర్తకులకు, వారి వ్యాపారము పరిమితిలో నున్నంతవరకు, జీయస్టీ నమోదు లేకయే అంతర్జాల అంగళ్లలో అమ్ముటకు 2023 అక్టోబరు 1 నుండి వీలు కలిగినది. మగ్గపు ఇంటిలో పదవ తరగతి చదివిన కుమార్తె యున్నచో ఈ పని ఆమె చేయగలదు. పగటి వెలుతురులో చీరను పరచి, కొంగు, అంచు, లోపలివైపు మూడింటిని బొమ్మ తీయవలెను. జరీ మేలిదో కాదో ఉన్నదున్నట్లు వ్రాయవలెను. మగ్గముమీద పోగు తెగి ముడి వేసిన చోటు లోపలివైపున సన్నగా కనబడును. దానిని దాచక వ్రేలితో చూపి మరియొక బొమ్మ తీయవలెను. యంత్రపు బట్టను చేనేత యని అమ్మువాడు లోపలివైపు బొమ్మను చూపుటకు వెనుదీయును. చేనేత నెరిగినవారు విశాఖపట్టణములో నున్నను, విజయవాడలో నున్నను, మొదట వెదకునది ఆ లోపలివైపునే.